ఉప్పు తగిలిన రీల్

సోలన్, ఒహాయో
సెప్టెంబర్ 6, 2009

బావగారికి నమస్కారాలు.

ఫోన్‌లో మాట్లాడితే మీకు సగం మాటలు వినపడటం లేదని అక్క చెప్పింది. ఈమెయిల్ పెడితే మీరు తెరవరు. అందుకని కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. సంతకం తప్ప తెలుగులో ఏమీ రాయక చాలా ఏళ్ళయింది. అక్షరాలు వంకరపోతే తిట్టకండి.

నిరుడు నవంబర్‌లో మీరు నన్ను డోరిస్ గారి ద్రాక్షతోట కింద మడుగు దగ్గరికి తీసుకెళ్ళారు కదా. అప్పటినుంచి నాకు స్టీల్‌హెడ్ పిచ్చి పట్టింది. మన పులస గోదావరి ఎక్కినట్టు ఈ చేప ఈరీ సరస్సులోంచి వాగులోకి ఎదురెక్కి వస్తుందంటే నేను నమ్మలేదు. గాలం దారం చుట్టిన మీ రీల్ నా చేతికిచ్చి బెండు వదలమన్నారు. బెండు మునగడం, చక్రం గిర్రున తిరగడం, దాని పిడి నా వేలి కణుపు మీద కొట్టడం అన్నీ ఒకేసారి జరిగాయి. వేలు వాచింది, చేప పోయింది. మీరు నవ్వలేదు గానీ నవ్వినంత పనిచేశారు.

ఈ సీజన్‌కి సొంత రీల్ కొందామనుకుంటున్నాను. మీది లాంటిదే, సెంటర్‌పిన్. ఇంటర్నెట్ ఫోరమ్‌లన్నీ చదివి తొమ్మిది మోడల్స్‌తో ఒక స్ప్రెడ్‌షీట్ చేశాను. బరువు, వ్యాసం, బేరింగులు, రంగు, అన్నిటికంటే ముఖ్యంగా స్పిన్ టైమ్. వేలితో ఒక్కసారి తిప్పితే ఎంతసేపు ఆగకుండా తిరుగుతుందో అదే నాణ్యతకు గుర్తని అందరూ అంటున్నారు. మా శనివారం వాలీబాల్ గ్రూప్‌లో ఈ సంగతి చెబితే వాళ్ళూ సరదా పడ్డారు. అందరం కలిసి గ్రూప్ బై చేస్తే డిస్కౌంట్ వస్తుందని ఆంజనేయప్రసాద్ అంటున్నాడు. అతను మా టీమ్‌లోనే ఆర్కిటెక్ట్, ఏది కొన్నా పదిమందిని పోగుచేసి కొంటాడు.

ఒక్కసారి కొంటే మళ్ళీ కొనక్కర్లేకుండా ఉండాలి. లిస్ట్ ప్రింట్ తీసి జతచేశాను. ఏది మంచిదో టిక్ పెట్టి పంపండి.

మీ
శ్యామ్‌సుందర్


వెస్ట్‌ఫీల్డ్, న్యూయార్క్
సెప్టెంబర్ 15, 2009

శ్యామ్‌కి,

నీ లిస్టు అందింది. పెళ్ళిసంబంధాలకు కూడా ఇన్ని గళ్ళు గీసి చూసినవాణ్ణి చూడలేదు. నీ తొమ్మిదిలో ఒక్కటి కూడా నేను చేత్తో పట్టుకున్నది కాదు, కాబట్టి టిక్ పెట్టను. ఎలా చూడాలో రాస్తాను.

ముందు ఆ స్పిన్ టైమ్ అన్న గడి కొట్టెయ్యి. లైబ్రరీలో కంప్యూటర్ మీద ఆ వీడియోలు చూశాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని రీల్ తిప్పడం, గడియారం చూసుకోవడం, మీసం దువ్వుకోవడం. ఒక్కడి వెనకాలా నీళ్ళు లేవు. చూస్తుంటే రోత పుట్టింది. కొత్త బేరింగుని నూనె లేకుండా కడిగి తిప్పితే ఏదైనా తిరుగుతుంది. వాగులో దానికి ఇసుక, మంచు, బురద తగులుతాయి.

ఈ రీల్‌లో ఏమీ లేదు. గేర్లు లేవు, బ్రేకు లేదు. ఒక ఇరుసు, దాని మీద తిరిగే ఒక చక్రం. నీళ్ళు బెండుని ఎంత వేగంగా లాగితే చక్రం అంత వేగంగా దారం వదులుతుంది. చేప పడితే బ్రేకు నీ బొటనవేలే. ఏమీ లేని వస్తువు కాబట్టి ఉన్న రెండు భాగాలూ గట్టిగా ఉండాలి. చక్రం అంచుని బొటనవేలితో పక్కకు నొక్కు. వెనక పలకకు రాసుకుంటే అక్కడే పెట్టి వచ్చెయ్యి. చక్రం ఒకే ముద్దలోంచి చెక్కిందా, పోతపోసి రంగేసిందా చూడు. రంగు ఎంత మెరిస్తే అంత అనుమానించు. గడ్డకట్టిన వేళ్ళతో గట్టు మీద నిలబడి విప్పగలగాలి. బేరింగు ఏ ఊళ్ళో బేరింగుల కొట్లో అడిగినా దొరికే సైజు కావాలి. వాళ్ళ దగ్గర మాత్రమే దొరికే సైజయితే ఆ కంపెనీ మూతపడిన రోజున నీ రీల్ గుమ్మానికి అడ్డం పెట్టుకోవడానికి పనికొస్తుంది. నాది ఒంటారియోలో ఒక లేత్ షాపువాడు చేసింది. నల్లగా, వికారంగా ఉంటుంది. రాళ్ళ మీద ఎన్నిసార్లు పడిందో గుర్తులేదు.

పశువుని కొనేవాడు రంగు చూడడు, కాళ్ళు చూస్తాడు. అంతే సంగతి.

ఇంకో మాట. మీ వాలీబాల్ వాళ్ళకు మడుగు గురించి చెప్పావా? రీల్ సంగతి చెప్పినవాడివి అదీ చెప్పే ఉంటావు. నీకు చెప్పాను, మళ్ళీ రాస్తున్నాను. అది డోరిస్ సొంత భూమి. ఆవిడ ఆవులకు నేను చాలా ఏళ్ళు వైద్యం చేశాను. మొగుడు పోయాక ఆవులమ్మేసి ద్రాక్ష ఒక్కటే ఉంచుకుంది. ఎవరినీ రానివ్వదు. నన్ను రానిస్తుంది, నా పక్కన ఉంటే నిన్ను. మోకాలు మార్చాక, అందరూ చేపలు పట్టే వంతెన దగ్గరి గట్టు నేను దిగలేను. డోరిస్ ట్రాక్టర్ దారి మడుగు దాకా చదునుగా వెళ్తుంది. ఆ దారి లేకపోతే నాకు ఈ వాగు లేదు. ఇది గుర్తుపెట్టుకో.

పద్మనాభం


సోలన్
అక్టోబర్ 12, 2009

బావగారికి,

మీ ఉత్తరం మా వాళ్ళందరికీ చదివి వినిపించాను. బాగా నవ్వుకున్నారు. కానీ గ్రూప్ బై మీరు చెప్పినట్టు సాగలేదు. ఎనిమిదిమందికీ నచ్చేది, డిస్కౌంట్ వచ్చేది ఒక్కటే దొరికింది. లోహపు నీలం రంగు. స్పిన్ టైమ్‌లో లిస్టులో రెండోది. బేరింగ్ సైజు గురించి వాళ్ళకు మెయిల్ పెట్టాను, 'ప్రొప్రైటరీ', అంటే వాళ్ళ దగ్గర మాత్రమే దొరికేదని జవాబొచ్చింది. అంచు నొక్కి చూశాను, కొద్దిగా రాసుకుంటోంది. వాడకంలో సర్దుకుంటుందని ప్రసాద్ అన్నాడు.

ఇప్పుడు ఎనిమిదిమందిమి ఒకే రీల్ పట్టుకుని తిరుగుతున్నాం. డ్రైవ్‌వేలో నిలబడి లాన్‌లోకి బెండ్లు విసురుతుంటే పక్కింటి తెల్లాయన పోలీసుల్ని పిలుస్తాడేమో అనిపించింది.

మీరు కోప్పడనంటే ఒకటి అడుగుతాను. దీపావళి అయ్యాక నాతో ఇద్దర్నో ముగ్గుర్నో డోరిస్ గారి దగ్గరికి తీసుకురావచ్చా? మీరు పక్కనే ఉంటారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, డీసెంట్ పీపుల్. ఆవిడకు ఏదైనా గిఫ్ట్ కూడా తెస్తాం.

అక్క కన్ను ఎలా ఉంది?

శ్యామ్


వెస్ట్‌ఫీల్డ్
అక్టోబర్ 20, 2009

శ్యామ్‌కి,

తీసుకురావద్దు. ఇద్దర్నీ వద్దు, ముగ్గుర్నీ వద్దు. గిఫ్ట్ అసలే వద్దు.

డీసెంట్ పీపుల్ అన్నావు. నిన్న కారాపి వంతెన మీదినుంచి కిందికి చూశాను. అక్కడా అందరూ డీసెంట్ పీపులే. మంచి కార్లు, మంచి కోట్లు. భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఒకడి దారం మీద ఇంకొకడు విసురుతున్నారు. ఒకడు చేపని నోటికి కాదు, వీపుకి గాలం గుచ్చి లాగుతున్నాడు. ఇంకొకడు బతికున్న ఆడచేప కడుపు పిండి, గుడ్లు ఎరకోసం సీసాలో పట్టుకుని, దాన్ని చెప్పులా నీళ్ళలోకి విసిరేశాడు. అది వెల్లకిలా తేలుతూ పోయింది. ముప్పై ఏళ్ళు ఈ జిల్లాలో ఆవుల కడుపుల్లో భుజందాకా చెయ్యి పెట్టాను. పురుగులు పట్టిన పుండ్లు కడిగాను. నాకు తేలిగ్గా రోత పుట్టదు. మనుషుల్ని చూస్తే పుడుతుంది.

మీ రీల్ గురించి చెప్పడానికేమీ లేదు. రాసుకుంటున్న చక్రం వాడకంలో సర్దుకోదు, అరుగుతుంది.

మీ అక్కకు నవంబర్ పదమూడు శుక్రవారం బఫెలోలో కంటి ఆపరేషన్. ఆ రాత్రి అక్కడ సూర్యప్రకాశరావు ఇంట్లో ఉండి, శనివారం డాక్టరుకు మళ్ళీ చూపించుకుని చీకటిపడే వేళకు వస్తాం. ఆ తరవాతి వారం నువ్వొక్కడివీ రా. మీ అక్క నిన్ను చూసినట్టూ ఉంటుంది.

పద్మనాభం


సోలన్
నవంబర్ 18, 2009

బావగారికి,

ఈ ఉత్తరం పద్మజతో పంపుతున్నాను. నాకు ఆఫీసులో రిలీజ్ పని పడి రాలేకపోతున్నాను. అక్కను చూసి రమ్మని తనను పంపాను. తమ్ముడు రాకుండా మరదల్ని పంపాడని అక్క ఏమీ అనుకోవద్దని చెప్పండి. ఆపరేషన్ బాగా జరిగిందని విని సంతోషం.

పద్మజ స్టీలు డబ్బాలో జన వేపుడు, చేపగుడ్లది, తెస్తోంది. అక్కకు చేప జన ఎంత ఇష్టమో నాకు తెలుసు. పచ్చిది కూడా నాలుగు పొట్లాలు ఐస్‌లో పెట్టాను, ఫ్రీజర్‌లో ఉంచుకోండి. మొన్న మా వాళ్ళం ఒహాయో వైపు వెళ్ళాం, బాగానే పడ్డాయి.

రీల్ కూడా పంపుతున్నాను. నాలుగు రోజులకే బిగుసుకుపోయింది. గరగరమంటోంది. మిగతా వాళ్ళవీ అంతే. మీరన్నది నిజమే, నాసిరకం. వీలుంటే విప్పి చూడండి. తొందరేమీ లేదు.

డోరిస్ గారు బాగున్నారా?

శ్యామ్


వెస్ట్‌ఫీల్డ్
నవంబర్ 22, 2009, ఆదివారం

శ్యామ్‌కి,

జన వేపుడు చాలా బాగుంది. పద్మజ ఉల్లిపాయ ఎర్రగా వేయించి మిరియం దట్టించింది. మీ అక్క ఒంటికన్నుతోనే డబ్బా అడుగుదాకా చూసింది. నేనూ తిన్నాను. ఈ దేశంలో ఇంత తాజా జన తినలేదు. ఒహాయోలో ఏ వాగో రాయనే లేదు.

పద్మజ సరిగ్గా కూర్చోలేదు. కాఫీ సగంలో వదిలేసి, దారిలో మంచు పడుతుందని వెళ్ళిపోయింది. పిల్లకు ఏమైనా ఇబ్బందా?

ఇక్కడ ఒక పాడుపని జరిగింది. పొద్దున డోరిస్ ఫోన్ చేస్తే మీ అక్క ఎత్తింది. కుక్కకు బాగాలేదు, రమ్మంది. వెళ్ళాను. కుక్క నురగలు కక్కుతూ పడుంది. దాని కక్కులో చేపముక్కలున్నాయి. మందిచ్చి, ఎక్కడ తిన్నదో చూద్దామని ట్రాక్టర్ దారిన మడుగుకు దిగాం.

మలుపు తిరగకముందే కంపు. గులకల మీద ఆడచేపలు. అన్నీ ఆడవే. ఒక్కోటీ నా చెయ్యంత. తోకనుంచి గొంతుదాకా కోసి, లోపల జన లాగేసుకుని, మిగిలింది మిగిలినట్టు పారేశారు. మాంసం ముట్టుకోలేదు. సముద్రపు కాకులు కళ్ళు తినేశాయి. పేగులు విల్లో చెట్ల కొమ్మలకు వేలాడుతున్నాయి. ఒక మగచేప ఊరికే చచ్చిపడుంది. కోసి చూసి, జన లేదని విసిరినట్టున్నారు. మధ్యలో అల్యూమినియం ట్రేలు, కాగితం కంచాలు. వారం కిందటి పని. నేను వారంగా మీ అక్కకు చుక్కల మందు వేస్తూ ఇంట్లోనే ఉండి ఇటు రాలేదు.

నీళ్ళ పక్క పలకరాయి మీద పచ్చగా మరకలున్నాయి. ఎవరో ఏదో కెమికల్ పోశారని డోరిస్ హడలిపోతోంది. ఆవిడ బావి అక్కడికి దగ్గర. ఒక పెచ్చు ఊడదీసి జెల్లీ సీసాలో వేసింది, పరీక్షకు స్టేట్ వాళ్ళకిస్తానంది. ఇదేమిటి డాక్టర్ అని అడిగింది. చెట్లకు గుర్తులు పెట్టే పెయింటేమో అన్నాను. సీసా మూత తియ్యలేదు.

ఎవరో చూశావా అని అడిగాను. పద్నాలుగో తేదీ శనివారం చర్చిలో పాతసామాను అమ్మకం నుంచి వస్తుంటే దూరంగా కొందరు కనిపించారట. నీలం చక్రాలు మెరిశాయట. నాతో వచ్చినవాళ్ళేమో అనుకుని ఊరుకుందట. నా కారు లేదని తరవాత తట్టిందట.

ఇంతవరకూ రాసి ఆపాను. మీ అక్క అన్నానికి పిలుస్తోంది.

సోమవారం

నీ రీల్ విప్పాను.

బేరింగులు తుప్పుపట్టి ముద్దయ్యాయి. నాలుగు రోజుల్లో నీళ్ళకు అలా కాదు. ఇరుసు చుట్టూ ఉప్పు గడ్డకట్టి ఉంది. గోటితో గీకితే పచ్చటి జిగురు వచ్చింది. అందులో ఎండిన గుడ్డు తోళ్ళు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పసుపు.

గట్టు మీదే జన తీసి, నీచుపోవడానికి ఉప్పూ పసుపూ పట్టించి, వాగులో కడుక్కుని, ఆ చేతుల్తోనే మళ్ళీ రీల్ తిప్పారు. అమెరికాలో ఏ తెల్లవాడూ ఈ పని చెయ్యడు. ఈ ఒక్కటీ మన పనే.

ఆ శనివారం మేము బఫెలోలో ఉంటామని నీకు రాసింది నేనే. మీ అక్క కంటికి కట్టుతో వస్తుంటే, మా ఇంటికి మైలు దూరంలో నువ్వు చేపల కడుపులు కోయిస్తున్నావు.

బయటికెళ్ళి కక్కుకున్నానని రాస్తే నాటకంలా ఉంటుంది. కక్కలేదు. కక్కితే బాగుండేది. నాలుగు రోజుల కిందటే అరిగిపోయింది.

పద్మనాభం


సోలన్
నవంబర్ 27, 2009

బావగారూ,

మీ ఉత్తరం కార్‌లోనే కూర్చుని చదివాను. పద్మజకు తెలుసు. తను డబ్బా తీసుకెళ్ళనంది, నేనే బతిమాలాను.

అనుకుని చేసింది కాదు, నమ్మండి. ముందు వంతెన దగ్గరికే వెళ్ళాం. నిలబడటానికి చోటు లేదు. ఇంత దూరం వచ్చాం, నీకు ప్లేస్ తెలుసుగా, ఒక్కసారి చూసి వచ్చేద్దాం అని ప్రసాద్ అన్నాడు. అందరూ నావైపు చూశారు. వద్దనలేకపోయాను. అక్కడ వెంటవెంటనే చేపలు పడ్డాయి. ఎనిమిదిమందీ అరుస్తున్నారు. మనిషికి ఇన్నే పట్టాలన్న రూలు ఎవరికీ గుర్తులేదు. లేక్ చేప మాంసంలో కెమికల్స్ ఉంటాయి, జన ఒక్కటే సేఫ్ అని ఎవరో అన్నారు. నేను కోయలేదు. కానీ కోసిన వాటిని ఎత్తలేదు, ఇంటికి తెచ్చుకున్నాను. ఆ నాలుగు పొట్లాలు అక్కకు పంపితే నా మనసు తేలికపడుతుందనుకున్నానేమో, తెలియదు.

ఒక్క రిక్వెస్ట్. డోరిస్ గారికి చెప్పకండి. ప్రసాద్ గ్రీన్ కార్డ్ చివరి స్టేజ్‌లో ఉంది. ఇంకా ఇద్దరు హెచ్-1 మీద ఉన్నారు. స్టేట్ వాళ్ళొచ్చి జరిమానా టికెట్లు రాసి, అది రికార్డ్‌లోకెక్కితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ప్రసాద్ భార్య నిన్న ఫోన్‌లో ఏడ్చింది. సీసాలో ఉన్నది ఉత్త పసుపు. ల్యాబ్‌లో ఏమీ తేలదు. ఆవిడ కొన్నాళ్ళకు మరిచిపోతుంది. మీరు ఏమీ అబద్ధం ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు. మీ మడుగు మీకుంటుంది. నేను మళ్ళీ అటు రాను.

శ్యామ్


వెస్ట్‌ఫీల్డ్
డిసెంబర్ 7, 2009

శ్యామ్‌కి,

అనుకుని చేసింది కాదన్నావు. చూసి వచ్చేవాళ్ళు ఇంటి దగ్గర్నుంచి ఉప్పూ పసుపూ పొట్లాలు కట్టుకుని రారు.

డోరిస్‌కి చెప్పాను.

రెండు రోజులు ఆగాను. ఊరుకుంటే నా మడుగు నాకుంటుందని నువ్వు రాసిన మాట ఆ రెండు రోజులూ నాతోనే తిరిగింది. దాన్ని రాసినందుకు నీమీద, అంతసేపు మోసినందుకు నామీద అసహ్యం వేసింది. ఆవిడ బావినీళ్ళు తాగడం మానేసింది. దుకాణం నుంచి నీళ్ళ డబ్బాలు మోసుకొచ్చుకుంటోంది. కుక్కకూ అవే పోస్తోంది. అది చూశాక ఇంక ఆగలేదు.

వంటింట్లో బల్ల మీద సీసా ఉంది. మూత తీసి ఆవిడ ముందే వాసన చూశాను. మేము కూరలో వేసుకునేది, విషం కాదు, బావినీళ్ళు తాగు అన్నాను. నా భార్య తమ్ముడు, వాడి స్నేహితులు అన్నాను. నీ పేరు చెప్పాను. మిగతా పేర్లు నాకు తెలియవు, తెలుసుకోను.

ఆవిడ కాసేపు కుక్కను నిమిరింది. అది లేచి తిరుగుతోంది, తిండి తింటోంది.

"నువ్వు పంపించావా?" అంది.

"లేదు."

"వాళ్ళకు దారి ఎలా తెలుసు?"

"నిరుడు వాడికి నేను చూపించాను."

"అయితే ఇంకెవరూ వద్దు, డాక్టర్. నువ్వు కూడా."

కోపంగా అనలేదు. పాలధర చెప్పినట్టు చెప్పింది. సరే అన్నాను. ఆవిడ జాగాలో నేనున్నా అదే అందును. స్టేట్ వాళ్ళను పిలుస్తావా అని అడగలేదు. పిలవనని ఆవిడే అంది, సీసా నాకిచ్చేసింది. మీ వాళ్ళకు ఆ కబురు చెప్పుకో. స్వీట్లు పంచుకుంటారు.

తరవాత రెండు రోజులు పనిచేశాను. చేపల్ని పారతో పూడ్చాను. నేల పైన గట్టిపడింది గానీ లోపల మెత్తగానే ఉంది. కుళ్ళిన చేప పారమీద నిలవదు, జారిపోతుంది. చేత్తో ఎత్తాలి. మా ఫ్రీజర్‌లో నాలుగు పొట్లాలూ వాటి పక్కనే పూడ్చాను. ట్రేలు, కంచాలు మూటకట్టాను. లోపలికి రావద్దన్న బోర్డులు డోరిస్ కొనుక్కొచ్చింది. ఆవిడ నిచ్చెనెక్కలేదు, నేను ఎక్కకూడదు. స్తంభాలకు చేతికందినంత ఎత్తులో మేకులు కొట్టాను. ఆఖరిది ట్రాక్టర్ దారి మొదట్లో. కొట్టి ఇటువైపు వచ్చేశాను.

మీ అక్క రెండు రోజులు చారన్నం తింది.

నీ రీల్ ముక్కలు వేరే పార్శిల్‌లో వస్తాయి. ఇరుసు కూడా తుప్పు తినేసింది. ఆ సైజు బేరింగు ఇక్కడ మూడు కొట్లలోనూ లేదు.

పద్మనాభం


సోలన్
ఫిబ్రవరి 15, 2010

బావగారికి,

రెండు నెలలు రాయలేకపోయాను.

స్టేట్ వాళ్ళు రారని చెప్పగానే మా గ్రూప్‌లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మీరు చెప్పినట్టే స్వీట్లు కూడా పంచారు. ప్రసాద్ కూతురి బర్త్‌డే అన్నారు గానీ ఆ రోజు బర్త్‌డే కాదు. తరవాత వాళ్ళ రీళ్ళు తుడిచి, రంగు మెరిపించి, 'వన్స్ యూజ్డ్' అని రాసి ఆన్‌లైన్‌లో అమ్మేశారు. ఫొటోల్లో తుప్పు కనపడలేదు. మంచి స్పిన్ టైమ్ అని కూడా రాశారు. అదేమిటని నేనడిగితే, మీ బావ ఓవరాక్షన్, నాలుగు చేపలకు ఇంత రాద్ధాంతమా అన్నాడు ప్రసాద్. నేను వాలీబాల్ మానేశాను. మానేశానని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. ఆ రోజు మడుగు దగ్గర అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మొన్న శనివారం డోరిస్ గారి దగ్గరికి వెళ్ళాను. ఒక్కణ్ణే. మంచులో వరండా మెట్ల మీద నిలబెట్టే మాట్లాడింది. చేసింది చెప్పాను, క్షమించమన్నాను. విన్నానంది. బావగారి తప్పు లేదు, ఆయన ఒక్కరినైనా రానివ్వండి అన్నాను.

"ఆయన అడగమన్నాడా?"

"లేదు. నేను వచ్చినట్టు ఆయనకు తెలియదు."

"ఆయన అడగడు. నువ్వు అడిగి ఆయన్ని చిన్నబుచ్చకు" అంది. తలుపు మెల్లగానే వేసుకుంది.

వెనక్కి వస్తూ మీ ఇంటి ముందు నుంచే వచ్చాను. వంటింట్లో లైటు వెలుగుతోంది. అక్క నీడ కనిపించింది. ఆగలేదు. ఏ ముఖం పెట్టుకుని ఆగాలో తెలియలేదు.

స్ప్రెడ్‌షీట్ డిలీట్ చేశాను. ఒంటారియోలో మీ రీల్ చేసిన లేత్ షాపాయన కొడుకు ఇంకా చేస్తున్నాడట, సంవత్సరం ఆగాలట. ఆర్డర్ ఇవ్వనా, మానెయ్యనా? మీరు ఏదంటే అది.

శ్యామ్


వెస్ట్‌ఫీల్డ్
మార్చి 22, 2010

శ్యామ్‌కి,

నువ్వు వెళ్ళిన సంగతి డోరిస్ చెప్పింది. కుక్కకు టీకా వెయ్యడానికి వెళ్ళాను. వంటింటి దాకా వెళ్ళాను, కిటికీలోంచి వాగు కనిపించింది. చూసి, టీకా వేసి వచ్చాను.

రీల్ గురించి రాయాల్సింది నిరుడే రాశాను. మళ్ళీ రాయను. ఆర్డర్ ఇవ్వడం, మానెయ్యడం నీ ఇష్టం. నాది అటక మీద పెట్టాలనుకున్నాను. వారం చూశాక చేతులు ఊరుకోలేదు.

నిన్న వంతెన దగ్గరికి వెళ్ళాను. గట్టు నిలువుగా ఉంది. కూర్చుని, చెట్ల వేళ్ళు పట్టుకుని, పిల్లల్లా జారుతూ దిగాను. మంచు కరిగి పోయినేడాది చెత్తంతా బయటపడింది. ఎర పురుగుల డబ్బాలు, బీరు సీసాలు, ఎవడి బిడ్డదో డయపరు, గుడ్లు పిండిన చేపల తోళ్ళు. పొదల నిండా తెగిన దారం. ఒక పక్షి కాలు దారంలో చిక్కుకుని తలకిందులుగా ఎండిపోయి వేలాడుతోంది. దాని కింద నిలబడి ఒకాయన శాండ్‌విచ్ తింటున్నాడు. నన్ను చూసి గుడ్ మార్నింగ్ అన్నాడు. రీల్ సంచిలోంచి తియ్యకుండానే వెనక్కి వచ్చాను. ఎక్కడానికి దిగినదానికి మూడింతలు పట్టింది. సగంలో ఆగిపోయి, ఇక ఎక్కలేననుకున్నాను. మీ అక్కకు ఇది చెప్పకు.

ఇక నాకున్నది ఆ వంతెనే. ఆ కంపులో నేను నిలబడలేను. నిలబడాలంటే ముందు ఊడ్చుకోవాలి.

వచ్చే శనివారం పొద్దున్నే రా. నాలుగు గోతాలు, దారం కోయడానికి కత్తెర, రబ్బరు తొడుగులు తీసుకురా. రీల్ తేవద్దు. ఎవర్నీ తేవద్దు. టిఫిన్ ముందే తినకు, అక్కడ కడుపులో నిలవదు. పని అయ్యాక ఇంటికొచ్చి తిందువుగాని.

గట్టు దిగేటప్పుడు నాకు పట్టుకోవడానికి ఒక భుజం కావాలి.

పద్మనాభం